మూడో బొండం

"మత్తు ఆపండి!"

డాక్టర్ అభిషేక్ కేకకి నర్సు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

పేషెంటుని బోర్లా తిప్పుతుంటే లుంగీ మడతలోంచి కొబ్బరి పెచ్చు జారిపడింది. బొండంలో లేత కొబ్బరి గీరుకు తినడానికి చెక్కే చెంచా. అంచున మీగడ ఇంకా తడిగానే ఉంది.

స్ట్రెచర్ వరండాలోకొచ్చింది. బయట వాన. పేషెంటు కూతురు సలోమి గాభరాగా లేచింది.

"మూడోసారి!" పెచ్చు చూపించాడు అభిషేక్. "పరగడుపున తీసుకురమ్మన్నానా? మత్తులో వాంతయితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది!"

"మంచినీళ్లు కూడా ఇవ్వలేదండీ."

"మరి ఇది నడిచొచ్చిందా?"

"మీరు కాకినాడ నుంచి అమలాపురం వచ్చేది అరవడానికాండీ?" సలోమి ఎదురు తిరిగింది. "రాత్రంతా నాన్న పళ్లు బిగించి దుప్పటి కొరుకుతుంటే చూసేది నేను. నేను పెడతానా?"

అభిషేక్ తల దించుకున్నాడు.

ఆమె తండ్రి ఏసుపాదానికి క్లోమంలో క్యాన్సర్. ముదిరిపోయింది. మాత్రలు పనిచెయ్యడం లేదు. వీపు వైపు నుంచి సూది దింపి, కడుపు వెనక నరాల గుత్తిని మందుతో చంపేస్తే జబ్బు తగ్గదు. నొప్పి తగ్గుతుంది. మిగిలిన రోజులు మనిషి కంటినిండా నిద్రపోతాడు.

"సారీ అండీ," అన్నాడు. "ఈరోజు కాకినాడ వెళ్లను. రేపు పొద్దున్నే చేస్తాను."

"ఆ తర్వాత?"

"తర్వాతా వస్తాను. ఎప్పట్లాగే ప్రతి మంగళవారం. సూది లేకుండా."

"సూది లేకుండా ఎందుకండీ?"

"మీరు రమ్మంటే... మీ ఇంటికి, కాఫీకి."

సలోమి వాన వైపు తిరిగింది. చెవులు ఎర్రబడ్డాయి.

"ఆయ్," అంది తలూపుతూ, వినీ వినపడకుండా.

స్ట్రెచర్ మీంచి మూలుగులాంటి నవ్వు వినిపించింది.

"ఆ ముక్క మొదటి మంగళవారమే అనుంటే మూడు బొండాలు మిగిలేవి కదండీ, డాక్టరుగారూ!"

ఇద్దరూ గిరుక్కున తిరిగారు.

"నాన్నా! ఆ నొప్పి ఓర్చుకుంటూ...?"

"నొప్పి తగ్గిపోతే ఈయన మళ్లీ ఎందుకొస్తారమ్మా? ఈయనొచ్చే రోజున నువ్వు రెండుసార్లు జడేసుకుంటావు. నేనుండగానే ఏదో ఒకటి తేలాలి కదా." ముప్పై ఏళ్లు కోర్టు గుమాస్తాగా పనిచేసిన ఏసుపాదం ఊపిరి కూడదీసుకుని, జడ్జి ముందు నిలబడ్డట్టు గొంతు సవరించుకున్నాడు.

"గేటు దగ్గర బొండాలమ్మే ముసలయ్యది తప్పులేదండి, బతిమాలితే తెచ్చేడు. రాసుకోండి. ముద్దాయి పేరు ఏసుపాదం!"