గాలి తగలని గ్లవ్

"ముట్టుకోకు! చెయ్యి తియ్యి!"

అక్క అరుపుకి పిడుగు ఉలిక్కిపడింది. పిడుగు అంటే చెల్లెలు. కుర్చీ ఎక్కి, అలమారా పైఅరలో ఉన్న నాన్న గ్లవ్ కోసం చెయ్యి చాచింది మరి. పిడుగు అని పేరు పెట్టింది నాన్నే. అక్కకేమో "కెప్టెన్" అని పెట్టాడు.

"ఒక్కసారి చూసి ఇచ్చేస్తా అక్కా!"

"చూసినా అరిగిపోతుంది. దిగు!"

పిడుగు మూతి ముడుచుకుని దిగింది.

నాన్న బస్సులు బాగుచేసే మెకానిక్. ఆదివారం వస్తే మాత్రం సాఫ్ట్‌బాల్ ఆటగాడు. పేరుకే సాఫ్ట్‌బాల్, మోకాలికి తగిలితే చుక్కలు కనిపిస్తాయి! నాన్న పరుగు చూస్తే తాబేలుకి కూడా నవ్వొచ్చేది. క్యాచ్ మాత్రం వదిలేవాడు కాదు. పెళ్ళికి ముందు నుంచీ అదే జట్టు, బంతి పట్టడానికి చేతికి తొడుక్కునే అదే తోలు గ్లవ్.

పోయిన చలికాలంలో జబ్బు చేసి నాన్న చనిపోయాడు. ఆ వారమే కెప్టెన్ గ్లవ్‌ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, గాలి చొరబడకుండా టేపు చుట్టేసింది. అందులో నాన్న వాసన ఉంది. తోలు, చెమట, కాస్త గ్రీజు. అది ఎప్పటికీ పోకూడదు.

ఈ సాయంత్రం నాన్న గుర్తుగా జట్టు ఒక ఆట పెట్టింది. మొదటి బంతిని నాన్న గ్లవ్‌తో కెప్టెనే పట్టాలి.

కెప్టెన్ కత్తెరతో టేపు కత్తిరించింది. గుప్పుమని ముక్కిన వాసన! తోలంతా పచ్చగా బూజు. వేళ్ళ మధ్య ఉండే తోలు తాడు చేతిలోకి ఊడొచ్చింది.

కెప్టెన్ గ్లవ్‌లో ముఖం పెట్టి వెతికింది. నాన్న వాసన ఎక్కడా లేదు.

"అమ్మా! దాచాననుకున్నా కానీ... నేనే పాడుచేశానమ్మా!"

అమ్మ దగ్గరికి తీసుకుంది. అమ్మ కళ్ళూ నిండాయి. "పోనీలే తల్లీ. ఎలా ఉంటే అలాగే తీసుకెళ్దాం."

మైదానంలో టైలర్ మావయ్య ఎదురొచ్చాడు. జట్టులో బంతి విసిరేది ఆయనే. గ్లవ్ అందుకున్నాడు. పొడిగుడ్డతో బూజు తుడిచి, కాస్త నూనె రాసి, తాడు కట్టాడు.

"ఎందుకలా చుట్టేశావమ్మా?"

"ఎవరూ ముట్టుకోకూడదని."

"ఓసి పిచ్చితల్లీ! ఒరేయ్, ఈ గ్లవ్ వాడినవాళ్ళంతా చేతులెత్తండిరా!"

జట్టంతా చేతులెత్తింది.

"గ్లవ్ మర్చిపోయి వస్తే నాకిదే ఇచ్చాడు," అన్నాడు పోస్ట్‌మ్యాన్. "తను ఉత్త చేత్తో ఆడాడు. బొటనవేలు ఇంత లావు వాచింది. అయినా ఒకటే నవ్వు, మహానుభావుడు!"

"నా చెయ్యి కొంచెం పెరగ్గానే నాకూ ఇస్తానన్నాడు," అంది పిడుగు మెల్లిగా.

కెప్టెన్‌కి ఆ సంగతే తెలియదు.

అందరూ తమ తమ చోట్లలో నిలబడ్డారు. కెప్టెన్ గ్లవ్ తొడుక్కుని చెల్లెలి వైపు చూసింది. పిడుగు చేతులు వెనక్కి కట్టుకుని దూరంగా నిలబడి ఉంది. పొరపాటున కూడా గ్లవ్‌కి తగలకూడదని.

"పిడుగూ, ఇటు రా."

"నేనేం ముట్టుకోలేదక్కా!"

"తెలుసులే. చెయ్యి చాపు."

గ్లవ్‌లో పిడుగు చెయ్యి మోచేతి దాకా మాయమైంది. కెప్టెన్ చెల్లెలి వెనక మోకాళ్ళ మీద కూర్చుని, కింద నుంచి గ్లవ్‌కి చెయ్యి ఆనించి పట్టుకుంది. నాన్న తనకి నేర్పినప్పుడు అలాగే కూర్చునేవాడు.

"కళ్ళు మూసుకోకు. బంతి నిన్నేం కొరకదు," అంది. అవి నాన్న మాటలే.

మావయ్య బంతిని మెల్లిగా విసిరాడు. అది గ్లవ్‌కి తగిలింది, జారింది. ఆపబోయిన పిడుగు గ్లవ్‌తో సహా దుమ్ములో పడింది.

పిడుగు భయంగా తలెత్తింది. "అక్కా, మట్టయిపోయింది."

కెప్టెన్ చెల్లెల్ని లేపి, బంతిని మావయ్యకి విసిరింది.

"మట్టయితే అయింది. మళ్ళీ పట్టు."