బొట్టుబిళ్ళల కీబోర్డు

“నా కీబోర్డుకు బొట్టు పెట్టిందెవరే?”

మహిధర్ కేకకు లిఖిత వంటింట్లోంచి తొంగి చూసింది. తెల్ల మెట్ల మీద వరసగా ఎర్రటి బొట్టుబిళ్ళలు. వాటి మీద నల్ల పెన్నుతో స, రి, గ, మ, ప, ద, ని.

“ఇంట్ల ఇంకెవరున్నరు? పాకే నీ కొడుకు పెట్టిండా?”

“గిది కీబోర్డా, బోనమా?”

“బోనమే. రోజూ దాని ముందే గదా కూసుంటవ్.”

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు.

ఇబ్రహీంపట్నంలో ఈ అద్దెగదికి వచ్చినప్పటి నుంచి లిఖితకు తెలిసిన సంగీతం ఆ మెట్ల టకటకలే. ఆదిభట్ల కంపెనీ బస్సు దిగి, అన్నం తిని, బాబు లేస్తాడని చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని వాయించేవాడు మహిధర్. పాటంతా అతనికి. చప్పుడు ఆమెకు.

బడి మాన్పించేదాకా నేర్చుకున్న సరిగమలు ఆమెకూ వచ్చు. స అంటే సీ, రి అంటే డీ అని ఇంగ్లీషు స్వరాల పేర్లు ఫోన్‌లో చూసి అతికించింది. అతనితో కలిసి ఒక్క పాటైనా పాడాలని.

“గని నేను పాడితే కలుస్తలేదు,” అంది మెల్లగా. “కిందికి దిగంగ గొంతు పూడుకపోతుంది. నాకే రాదేమో.”

“ఏది, పాడు.”

“నీకేడ ఇనవడతది?”

అతను హెడ్‌ఫోన్ తీసి మేకుకు తగిలించాడు.

బయట వాన మొదలైంది. కిటికీ వైపు తిరిగి బాబును పడుకోబెట్టే జోలపాట ఎత్తుకుందామె. అతను మేకు మీది హెడ్‌ఫోన్‌లో సన్నగా పలికే స్వరంతో పోల్చుకుంటూ, ఒక్కో మెట్టూ తడుముతూ ‘ప’ బిళ్ళ మీద ఆగాడు.

“నీ సా గీడుంది. జీ మీద.”

“అది ప గదా?”

“సీ, జీ కదలవు. ఇంటి నంబర్ల లెక్క. సా గట్ల గాదు. నీ గొంతు ఏడ నిమ్మళంగ ఉంటే గదే సా. ఆడ్నుంచే మిగతయి.”

బిళ్ళలు ఒక్కొక్కటే ఊడదీసి జరిపాడు. ‘ని’ నల్లమెట్టు ఎక్కింది.

“గిదేంది, గిది మీదికెక్కింది?”

“తెల్లదాని మీదుంటే స్వరం అర మెట్టు తక్కువైతది.”

చివరికి ‘స’ బిళ్ళ మిగిలింది. దాన్ని ఆమె నుదుట అతికించాడు.

“ఈ ఊర్ల నాకు మాట్లాడెటోళ్ళు లేరు,” అందామె తల దించుకుని. “నువ్వు గూడ చెవులు మూసుకుంటివి.”

మహిధర్ కీబోర్డు నుంచి హెడ్‌ఫోన్ వైరు పీకేశాడు.

“బాబు లేస్తడు!”

“లేవనీ.”

జీ మోగింది. ఆ గదిలో మొదటిసారి.

మర్నాడు బస్సు ఎప్పటిలాగే వెళ్ళిపోయింది. ఇల్లు ఎప్పటిలాగే మూగబోయింది. మధ్యాహ్నం ఫోన్.

“జర సా అను,” అన్నాడు, క్యాంటీన్ గోల మధ్య.

“పిచ్చి లేసిందా?”

“పొద్దటిసంది మిషన్ల మోతే. నీ సా మర్చిపోతనని ఫికరైతుంది.”

బాబును చంకనెత్తుకుని, బిళ్ళ లేని ఆ మెట్టు నొక్కి, లిఖిత గొంతెత్తింది.

అవతల మహిధర్ వింటున్నాడు.