నిండిన డైమండ్

"పెనుకొండ టెస్ట్ స్టేషన్ డ్రాయింగ్‌కి ధర్మవరంలో ఎవరో కాపీ గీశారు. గీయించింది ఎవరో కావాలి. అక్కడ టెస్టు ఈరోజు పదకొండింటికి," అన్నాడు చీఫ్ ఆదినారాయణ.

2004 మార్చి. హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్ వెనక సందులో నిఘా ఆఫీసు. ఏజెంట్ షాకిర్ వాచీ చూసుకున్నాడు. పొద్దున ఏడున్నర.

"ఉమారాణిని తీసుకెళ్లు. ఆ డ్రాయింగులన్నీ స్టాండర్డ్ ప్రకారం ఉన్నాయని సంతకం పెట్టింది ఆమే."

ఉమారాణి నల్ల కళ్లద్దాలు సర్దుకుని నవ్వింది. అందగత్తె. షాకిర్‌కి ఆ నవ్వు నచ్చలేదు. అతను అన్నం పెట్టిన అవ్వనైనా అనుమానించే రకం. పైగా తమ్ముడు ముజమ్మిల్ పెనుకొండలోనే వాల్వ్ మెకానిక్. ఈరోజు ఇంధనం షెడ్డులో డ్యూటీ వాడిదే.

ధర్మవరం చేరగానే ఆమె కారు దిగనంది. "తలనొప్పి. మీరెళ్లి రండి."

దారంతా లేని తలనొప్పి ఇప్పుడెక్కడిది?

షాకిర్ చీరల వ్యాపారి వేషంలో, చొక్కా గుండీలో మైక్రోఫోన్‌తో ఖాజాసాబ్ గదిలోకి వెళ్లాడు. మగ్గాలకు డిజైన్ గ్రాఫులు గీసే పెద్దాయన. చెయ్యి పెడితే అచ్చు గుద్దినట్టే.

"రాప్పా, కూర్చో. ఎవురు పంపినారు?"

"పోయిన నెల ఎవరో పెట్టెలూ గీతలూ ఉండే బొమ్మ గీయించుకున్నారంట కదా?"

"ఆ నల్లద్దాలమ్మా? గీసిచ్చినా. అసలుదీ నాదీ రెండూ తీసుకపోయింది." ఖాజాసాబ్ గొంతు తగ్గించాడు. "దాన్ని మొదట గీసినోనికి పని రాదప్పా. గీతల కొనల్లో డైమండ్ బుట్టాలుండాయి, లోపలంతా ఖాళీ. మా గ్రాఫులో గడి ఖాళీగా ఉంటే మగ్గం మీది అట్టకు చిల్లు పడదు, పోగు లేయదు, బుట్టా కనబడదు. పాపం మర్చిపోయినాడని అన్నీ నేనే నింపేసినా."

షాకిర్ లేచి నిలబడ్డాడు.

ఆ బొమ్మ యూఎంఎల్ స్టాండర్డ్‌లో ఉంది. సాఫ్ట్‌వేర్‌ని ఎలా కట్టాలో చూపే బొమ్మల భాష అది. అందులో ఖాళీ డైమండ్ అంటే పెద్ద భాగం ఆగిపోయినా చిన్న భాగాలు బతుకుతాయి. నిండిన డైమండ్ అంటే పెద్దదానితో పాటే అన్నీ పోతాయి. పదకొండింటికి మెయిన్ కన్సోల్ ఆపేస్తారు. సేఫ్టీ వాల్వులు పనిచేస్తూనే ఉండాలి. అదే టెస్టు. ఇప్పుడు వాటితో పాటు వాల్వులూ ఆగిపోతే ఇంధనం షెడ్డు పేలిపోతుంది.

బయటికి పరుగెత్తాడు. కారు తలుపు తీసి, "ముసలాయన డైమండ్లన్నీ నింపేశాడు," అన్నాడు.

ఉమారాణి ముఖంలో నెత్తురు లేదు. "స్టేషన్ కోడ్ రాసింది... నేను పెట్టిన కాపీ చూసే."

"అసలుది యాడ?"

ఆమె హ్యాండ్‌బ్యాగ్ గట్టిగా పట్టుకుంది. షాకిర్ లాక్కున్నాడు. లోపల ప్రభుత్వ ముద్రతో అసలు షీటు, మధ్యాహ్నం బెంగళూరు రైలుకి టికెట్టు.

"ముద్రున్న కాగితం ఉంటేనే బేరమన్నారు విదేశీ వాళ్లు. కాపీని ఫైల్లో పెట్టేశాను. తీరిగ్గా చూళ్లేదు. మనుషుల్ని చంపాలనుకోలేదు షాకిర్ గారూ!"

ఆమె చేతికి, కారు తలుపుకి కలిపి బేడీ బిగించి కారు ఉరికించాడు. పది దాటింది. పెనుకొండకు ఫోన్ చేస్తే మోగుతూనే ఉంది. ఆఫీసులో ఎవరూ లేరు, అందరూ టెస్టు దగ్గరే. సెల్‌ఫోన్లు గేటు దగ్గరే పెట్టేయాలి. యా అల్లా, తమ్ముడికి ఏమీ కాకూడదు. ఇన్నేళ్ల సర్వీసులో అతను ఇంతగా భయపడింది లేదు.

పది యాభై ఎనిమిది. గేటు దగ్గర "తంగేడు" అని కోడ్‌వర్డ్ అరిచి కంట్రోల్ రూమ్‌లోకి దూకాడు. ఇంజనీరు వేలు స్విచ్ మీదుంది.

"ఆపప్పా! ముట్టొద్దు!"

వేలు గాల్లోనే ఆగిపోయింది.

షెడ్డులోంచి ముజమ్మిల్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "ఏమన్నా, ఈడికొచ్చినావు? ఎందుకు ఏడుస్తాండావు?"

షాకిర్ తమ్ముణ్ని గట్టిగా పట్టుకున్నాడు.

సాయంత్రం చీఫ్ ఫోన్లో అడిగాడు, "ఇంత ఘోరం ఎలా జరగబోయిందని రిపోర్టులో రాయమంటావు?"

"స్టాండర్డ్ పుస్తకం ఇటుకంత మందముంది సార్. అందులో అన్నీ రాశారు. డైమండ్‌లో ఖాళీని కావాలనే వదిలామని ధర్మవరంలో మాత్రం ఎవరికీ చెప్పలేదు."