బ్రేక్ మీద కాలు

కంభం దాటి గిద్దలూరు వైపు వస్తున్న తెల్ల కారు ఉన్నట్టుండి రెచ్చిపోయింది. ఎదురుగా కూలీలతో నిండిన ట్రాక్టరు. కారు దాన్ని తప్పించి, రోడ్డు దిగి, కల్వర్టు గోడను గుద్దుకుంది. వెనక సీట్లో ఉన్న సైంటిస్ట్ వరప్రసాదం, టాక్సీ నడుపుతున్న జహంగీర్ అక్కడికక్కడే పోయారు. ట్రాక్టరులో ఒక్కరికీ గీత కూడా పడలేదు.

చూసినవాళ్లు, చూడనివాళ్లు ఊరంతా ఒకే మాట అన్నారు. బ్రేకనుకొని యాక్సిలేటర్ తొక్కినాడు, పాపం ఆ సారును గూడా చంపినాడు.

మూడోరోజు జియారత్ ప్రార్థనలు ముగిసి ఇంటి ముందు షామియానా విప్పుతుంటే జహంగీర్ తమ్ముడు జహీర్ ఫోన్ మోగింది.

"కంభం చెరువు నిండిందా?"

జహీర్ మనుషుల మధ్య నుంచి లేచి దొడ్లోకి నడిచాడు. "నిండింది. తూములు మూసేసినారు."

కోడ్ సరిపోయింది. అవతల ఉన్నది బ్యూరో చీఫ్. జహీర్ సీక్రెట్ ఏజెంట్ అని గిద్దలూరులో పురుగుకు కూడా తెలియదు. ఇంట్లోవాళ్ల లెక్కలో అతను హైదరాబాదులో ఇన్సూరెన్స్ సర్వేయరు. "నలిగిన బండ్లకు వెలకట్టేది గూడా ఒక ఉద్యోగమేనారా?" అని జహంగీర్ ప్రతి పండక్కీ ఆటపట్టించేవాడు. ఇక ఆ నోరు లేవదు. ఆ ఎగతాళి కోసం ప్రాణం కొట్టుకుపోతోంది జహీర్‌కు.

"సారీ జహీర్. అది యాక్సిడెంట్ కాదు, మర్డర్. ఒక విదేశీ ముఠా కార్ల సాఫ్ట్‌వేర్‌లోకి దూరి, దూరం నుంచే స్పీడ్ పెంచేస్తోంది. వరప్రసాదం ఆ సంగతి పట్టేశాడు. అందుకే లేపేశారు."

"ప్రూఫ్?"

"ఆ కారులో ఈవెంట్ డేటా రికార్డర్ ఉంది. గుద్దుకునే ముందు ఐదు సెకన్లు స్పీడెంత, డ్రైవర్ కాలు దేని మీద ఉంది, అంతా అందులో పడుతుంది. బండి మార్కాపురంలో పోలీసుల దగ్గరుంది. ముఠాలో మనం పెట్టిన మనిషి సుస్మిత, కార్ల కంపెనీ ఇంజనీరులా అక్కడికొచ్చి బాక్స్ తీస్తుంది. నువ్వు తోడుండు. గుండీలో మైక్, చెవిలో ఇయర్‌పీస్ ఆన్‌లో పెట్టుకో."

"నా మారువేషం?"

"నీకెందుకయ్యా? ఇన్సూరెన్స్ సర్వేయర్‌వి కదా."

గడప దాటబోతుంటే తల్లి జహరాబీ చెయ్యి పట్టుకుంది. మూడు రోజులుగా ఏడ్చి గొంతు పూడుకుపోయింది.

"బండి చూసేదానికి పోతాండావా బేటా? ఆ సారు భార్య ఆస్పత్రిలో నన్ను చూసి మొగం తిప్పుకునింది. తప్పు మనోడిదేనా? చూసొచ్చి చెప్పు. ఎట్లాంటిదైనా సరే, దాయొద్దు."

జహీర్ తలూపాడు. ముఠా సంగతి దేశానిది. అతను బస్సెక్కింది మాత్రం ఆ ప్రశ్న కోసమే.

మార్కాపురంలో మూతబడిన పలకల ఫ్యాక్టరీ షెడ్డులో కారు ఉంది. దాని పక్కన నల్ల కళ్లద్దాలు, ఖరీదైన సెంటు వాసన, చేతిలో టార్చి. సుస్మితను చూస్తే ఎస్సై మాలకొండయ్య అంతటివాడే చొక్కా సర్దుకుంటున్నాడు.

"రాండి సార్. మీ అన్నంట గదా. బాధపడొద్దు, కారణం దొరికినాది. యాక్సిలేటర్ మీద కుడికాలి చెప్పు అడ్డంపడి ఇరుక్కునింది. మొన్న మాకు కనపడలే. మేడమ్ వచ్చి టార్చి ఏసి చూపించినాక తెలిసింది."

జహీర్ వంగి చూశాడు. అన్నదే ఆ చెప్పు. ఆ అరిగిన మడమ అతనికి తెలుసు. మెల్లగా వెనక్కి జరిగి డ్రైవర్ సీటు వెనక చెయ్యి పెట్టాడు. ప్లాస్టిక్ కవరు తగిలింది. అందులో ఎడమకాలి చెప్పు భద్రంగా ఉంది.

అన్నం పెట్టే బండిని చెప్పులతో తొక్కకూడదని జహరాబీ నేర్పింది. జహంగీర్ స్టీరింగ్ పట్టుకున్న రోజు నుంచీ రెండు చెప్పులూ విప్పి, కవర్లో చుట్టి, సీటు వెనక దోపి, వట్టి కాళ్లతోనే నడిపేవాడు. ఈ వైపు డ్రైవర్లు చాలామంది అంతే. బూట్లతో కారు నడిపేవాళ్లకు ఆ ఊహే రాదు.

"సార్, ఒక టీ తాగుదామా?" అన్నాడు జహీర్. మాలకొండయ్య టీ కోసం బయటికి నడిచాడు.

"వాళ్లకు ఎప్పుడు అమ్ముడుపోయావు సుస్మితా?"

ఆమె కళ్లద్దాలు తీసింది. "ఎలా తెలిసింది?"

"రెండో చెప్పు కవర్లోనే వదిలేశావు. ఒక్క చెప్పేసుకుని ఎవరు నడుపుతారు?"

సుస్మిత కంగారుపడలేదు. హ్యాండ్‌బ్యాగు తెరిచి చూపించింది. ఒక పక్క కారు నుంచి ఊడదీసిన నల్ల బాక్స్. ఇంకో పక్క వెలుగుతున్న ఫోన్.

"వరప్రసాదం టీమ్‌లో మిగిలిన ముగ్గురూ ఇప్పుడు దోర్నాల ఘాట్‌లో ఉన్నారు. ఇదే మోడల్ కారు. ఈ బటన్ నొక్కితే లోయలోకే. తప్పుకో. నేను వెళ్లాలి."

చెవిలో చీఫ్ గొంతు పలికింది. "విన్నాను. ఆ బండి ఆపిస్తున్నాను. మాటల్లో పెట్టు."

మాటల్లో పెట్టడానికి జహీర్ నటించాల్సిన పని లేకపోయింది.

"బాక్స్ చదివినావు గదా. మా అన్న ఆఖర్న ఏం చేసినాడు? అది చెప్పి పో. మా అమ్మ అడిగింది."

సుస్మిత ఒక్క క్షణం చూపు తిప్పుకుంది.

"బ్రేకే తొక్కాడు. మొదటి నుంచీ. చివరిదాకా కాలు తియ్యలేదు."

"ఆ డ్రైవర్ ఫోన్ నీ లైన్‌లో కలిపాను. ముగ్గురు దిగారు," అంది ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు. "ఇంజన్ నడుస్తోంది, డ్రైవర్ దిగుతున్నాడు..."

"చాలు, జరుగు," అంది సుస్మిత.

"ఒక్క మాట."

"ఇంక లేవు!" వేలు ఫోన్ మీద పడింది.

ఇయర్‌పీస్‌లో ఇంజన్ గర్జించింది. ఎవరో కేక వేశారు. ఏదో విరిగింది. తర్వాత ఏ చప్పుడూ లేదు.

"ఖాళీ బండి లోయలో పడింది," అన్నాడు చీఫ్. "మనుషులు రోడ్డు మీదున్నారు. అందరూ."

సుస్మిత గుమ్మం వైపు ఉరికింది. సరిగ్గా అప్పుడే మూడు టీ గ్లాసులతో వచ్చిన మాలకొండయ్యను ఢీకొంది. ఆయన యూనిఫాం తడిసినా ఆమె చెయ్యి మాత్రం వదల్లేదు. "ఏందమ్మా ఇది!" అన్నాడంతే.

జహీర్ పవర్‌బ్యాంకులా కనిపించే రీడర్‌ను ఆమె బ్యాగులోని బాక్స్‌కు తగిలించాడు. అంకెలు వచ్చాయి. స్పీడ్ పెరుగుతూనే ఉంది. యాక్సిలేటర్ పెడల్, సున్నా. మళ్లీ సున్నా. బ్రేక్, ఆన్. చివరిదాకా ఆన్. ఆఖరి వరుసలో స్టీరింగ్ ఒక్కసారిగా ఎడమకు తిరిగింది. అది ట్రాక్టరు కోసం. జహీర్ ఆ వరుస మీద చెయ్యి పెట్టుకుని, పలకల కుప్ప మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"జహీర్," అన్నాడు చీఫ్ కాసేపటికి. "మిగతా ముఠా దొరికేదాకా ఇది బయటికి రాకూడదు. అప్పటిదాకా పోలీసు ఫైల్లో డ్రైవర్ తప్పు అనే ఉంటుంది. ఆర్డర్."

"మా అమ్మకు?"

చీఫ్ గొంతు తగ్గించాడు.

"ఇన్సూరెన్స్ వాళ్లు ఎవరింట్లో ఏం చెప్పుకుంటారో బ్యూరోకు అనవసరం."

ఇంటికి చేరేసరికి జహరాబీ గుమ్మంలోనే ఉంది. జహీర్ ఆమె పాదాల దగ్గర కూర్చున్నాడు.

"అమ్మీ, భాయ్ కాలు బ్రేక్ మీదనే ఉండింది. బండే చెడిపోయింది. ఆఖర్న ట్రాక్టరోళ్లను తప్పించినాడు. ఈ మాట మన ఇద్దరి మధ్యనే ఉండాల. బయట ఇప్పట్లో ఎవరికీ చెప్పకూడదు."

"ఆ సారు భార్యకు గూడానా?"

"ఇప్పుడే వద్దు అమ్మీ."

ఆమె నోట్లో కొంగు కుక్కుకుంది. "నేను గూడా వాణ్ని అనుమానపడినా గదరా. కన్నతల్లిని, నేను గూడా..." జహీర్ ఆమె ఏడుపు తగ్గేదాకా పాదాలు పట్టుకునే ఉన్నాడు.

చాలాసేపటికి కళ్లు తుడుచుకుంది.

"నీ ఉద్యోగం దేనికీ పనికిరాదని ఎగతాళి చేస్తాండె మీ అన్న. ఉండింటే ఈ పొద్దు ఒప్పుకుంటాండె."

"ఒప్పుకుంటాండె అమ్మీ," అన్నాడు, జీవితంలో ఒక్క ఇన్సూరెన్స్ క్లెయిమ్ కూడా చూడని సర్వేయరు.