ఒక్కసారికే పనికొచ్చే కార్డు

“పచ్చిపులుసుల ఉల్లిగడ్డ గింత సన్నగ కోస్తరా? పంటికే తగుల్తలేదు!” అంది భాగీరథి.

“నిన్న లావుగ కోస్తే బర్లకేసినట్టున్నదంటివి గదత్తమ్మా!” అంది కోడలు నీరజ.

“మీ పంచాదిల నా బస్సు పోతది,” అంటూ నీరజ భర్త అంబదాస్ డబ్బా అందుకుని హజీరా గ్యాస్ ప్లాంటులో డ్యూటీకి పరుగెత్తాడు.

తాను అమ్రోలిలోని ఎక్స్‌పోర్ట్ ఆఫీసులో అకౌంటెంటునని నీరజ ఇంట్లో చెప్పింది. నిజానికి ఆమె సీక్రెట్ ఏజెంట్. ఆ ఆఫీసు ఒక విదేశీ ముఠాకు ముసుగు.

మధ్యాహ్నం తాన్యా వచ్చింది. జరీ చీర, నల్ల కళ్లద్దాలు, హ్యాండ్‌బ్యాగులో పిస్టల్. ఒకప్పుడు నీరజ డిపార్ట్‌మెంటులోనే పనిచేసి, తర్వాత ముఠాకు అమ్ముడుపోయిన డబుల్ ఏజెంట్ ఆమె. నీరజ కూడా ఏజెంటేనని ఆమెకు తెలియదు. వస్తూనే తలుపుకు తాళం వేసి, ఫోన్ లాక్కుని, జామర్ ఆన్ చేసింది. నీరజ చెవిదుద్దులోని ట్రాన్స్‌మిటర్ మూగబోయింది.

“సాఫ్ట్‌వేర్ సబ్‌స్క్రిప్షన్ కట్టాలి. కాసేపట్లో గడువు ముగుస్తుంది, అది దాటితే అకౌంటే చెరిగిపోతుంది. మన ఆచూకీ దొరకకుండా వర్చువల్ కార్డ్ చెయ్.”

ఆ సాఫ్ట్‌వేర్ హజీరా ప్లాంటు వాల్వులను దూరం నుంచే తిప్పగలదని నీరజకు తెలుసు. అంబదాస్ పని ఆ వాల్వుల దగ్గరే. చేయనంటే తన ప్రాణం పోతుంది, చేస్తే అతనిది. కిటికీకి ఇనుప చువ్వలు.

కేబుల్ నెట్‌తో నడిచే కంప్యూటర్ ముందు కూర్చుంది. స్క్రీన్ మీద అంకెలుగా మాత్రమే ఉండే కార్డు తయారైంది. వాడకం: ఒకేసారి. కార్డు పేరు: కెంపు. అలర్ట్ వెళ్లాల్సిన నంబరు: డిపార్ట్‌మెంట్ చీఫ్‌ది.

“లిమిట్?” తాన్యా దృష్టి డబ్బు మీదే.

“మూడు లక్షలు, మేడమ్.”

“ఆగు. ముందు టెస్ట్.” తాన్యా వేరే సైటులో ఐదు రూపాయలు కట్టి చూసింది. సక్సెస్. నవ్వి, అసలు సబ్‌స్క్రిప్షన్‌కు అదే కార్డు కొట్టింది.

డిక్లైన్డ్.

మళ్లీ కొట్టింది. డిక్లైన్డ్. స్క్రీన్ మీద గడువు సున్నాకు చేరింది. అకౌంట్ మాయమైంది.

పిస్టల్ బయటికొచ్చింది. “ఏం చేశావ్?”

“అది ఒక్కసారికే పనికొచ్చే కార్డు. ఆ ఒక్కసారి మీరు వాడేశారు. పరీక్షించనిదే దేన్నీ నమ్మొద్దని డిపార్ట్‌మెంట్ మనిద్దరికీ నేర్పింది కదా, మేడమ్!”

తలుపు పగిలింది. ఐదు రూపాయల అలర్ట్ చీఫ్‌కు ఎప్పుడో చేరింది. ‘కెంపు’ అంటే ప్రమాదమని నీరజకూ చీఫ్‌కూ మధ్య కోడ్. దగ్గర్లోనే కాపు కాసిన కమాండోలు తాన్యా చేయి వెనక్కి విరిచారు.

రాత్రి అంబదాస్ క్షేమంగా వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. అన్నం వడ్డిస్తూ నీరజ చెప్పేసింది.

“రేపటి సంది నౌకరీకి పోను.”

“ఎందుకే? ఏమైంది?” అడిగాడు అంబదాస్.

“నేను చేసిన కార్డు నడవలే. ఆఫీసే బందయింది.”

భాగీరథి ముద్ద ఆపి కోడలిని ఎగాదిగా చూసింది. “డిగ్రీ సదివితివి. ఒక కార్డు గుడ సక్కగ చేయరాకపాయెనా?”

“రాకపాయె అత్తమ్మా,” అంటూ నీరజ మొగుడికి ఇంకో గరిటెడు అన్నం పెట్టింది.