వయసు ఆగిన సీసా

"నెల దాటితే నా చేతుల్లో లేదమ్మా... రెండు కళ్ళలోనూ పొర రాయిలా ముదిరిపోయింది!"

కళ్ళ డాక్టరు అన్న ఆ మాట ఇంటికి వచ్చేదాకా ఆమె చెవుల్లో గింగురుమంటూనే ఉంది. ముప్పై ఏళ్ళుగా చొక్కాలకు కాజాలు కుట్టి సంసారం లాక్కొచ్చిన మనిషి! ఆ వీధిలో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ కాజాలమ్మే. నిన్న దర్జీ కొట్టు ఆయన చొక్కాల మూట ఇంటికి తెచ్చి తిరిగి ఇచ్చేశాడు. పైగా నవ్వుతూ, "కాజాలమ్మా, బొత్తాం ఒక ఊళ్ళో ఉంది, కాజా ఇంకో ఊళ్ళో ఉంది. రెండింటికీ పెళ్ళెలా చెయ్యనమ్మా?" అన్నాడు. ఆమె కూడా నవ్వింది. తలుపు వేసుకున్నాక మాత్రం ఆ మూటలోని ఒక చొక్కా మొహానికి అడ్డం పెట్టుకుని కుమిలి కుమిలి ఏడ్చింది!

ఆమె మొగుడు వడ్రంగి. పెదాల మధ్య మేకులు పెట్టుకుని పనిచేసే అలవాటువల్ల మాటలు పోయాయో, మాటలు లేకనే మేకులు పెట్టుకున్నాడో తెలియదుగానీ, రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. డాక్టరు చెప్పిందంతా కూతురి నోట విన్నాడు. లేచాడు. స్టూలెక్కి అలమారు మీదున్న టేకు పెట్టెను బిడ్డను దించినట్టు రెండు చేతులా దించాడు.

"పెద్దోడున్నాడుగా," అన్నాడు. "ఇన్నాళ్ళు పెంచింది దేనికి?"

కూతురు చప్పట్లు కొట్టింది. "అబ్బ! ఇన్నాళ్ళకి మా అన్నయ్య బయటికొస్తున్నాడే! అమ్మా, నాన్నకి నాకంటే ఆ పెట్టెలో సీసా మీదే ముద్దెక్కువ. ఇవాళైనా దాని సంపాదన తినిపిస్తాడు చూడు నీకు!"

కాజాలమ్మ గుండె కలుక్కుమంది. అన్నయ్య...! ఇరవై రెండేళ్ళ పిల్లకి ఆ మాట వేళాకోళం. కన్నతల్లికి అది పచ్చి పుండు మీద కారం. ఈ పిల్లకి నిజంగానే ఒక అన్న ఉండేవాడని, ఉంటే ఈపాటికి ఇరవై ఆరేళ్ళవాడై ఉండేవాడని ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

అప్పుడామెకు ఏడో నెల. వడ్రంగి ఒక పెద్ద బంగళాలో సీసాల అరలు చేసేవాడు. ఒకనాడు ఆ బంగళా ఆయన గ్లాసు పైకెత్తి స్నేహితుడితో, "ఈ స్కాచి విస్కీకి ఇంత వెలేమిటని అడుగుతావేం? వెల మందుది కాదయ్యా, చెక్కపీపాలో పడుకున్న ఏళ్ళది! చెక్క తాగిస్తుంది దీనికి వయసు," అన్నాడట. కింద కూర్చుని చిత్రిక పడుతున్న వడ్రంగి చేతిలో పని ఆగిపోయింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చెక్కతోనే బతుకు. చెక్కకి అంత మర్యాద ఉందని ఒక్కరైనా చెప్పారా ఇంతకుముందు?

వారం తిరగకుండా ఒక సీసా పట్టుకొచ్చాడు. చీటీ మీద ఇరవై అని అంకె. ఆమె తన ట్రంకుపెట్టె తెరిచి చూస్తే, పురిటి ఖర్చుకని దాచుకున్న పుట్టింటి గొలుసు లేదు!

"ఏమయ్యా, నా గొలుసేది?"

"ఇదిగో. ఇరవై ఏళ్ళది. ఇంకా పెరుగుతుంది."

"నువ్వు చుక్క ముట్టవుగా!"

"తాగడానికి కాదు."

ఇంకో ముక్క రాలేదు ఆ నోటినుంచి. పది రోజులకే, నెలలు నిండకుండానే, జోరువానలో ఆమెకు నొప్పులొచ్చాయి. పెద్దాసుపత్రిలో ముందు డబ్బు కట్టమన్నారు. సీసా పట్టుకుని వడ్రంగి కొన్నచోటికే పరుగెత్తాడు. అమ్మిన సరుకు తిరిగి తీసుకునేది లేదన్నారు. తడిసి ముద్దై తిరిగి వచ్చేసరికి పొద్దు వాలింది. మగబిడ్డ... దీపాలు పెట్టే వేళకి కళ్ళు మూశాడు!

ఆ తరువాత ఆమె పుట్టింట్లో మూడు నెలలు మంచం పట్టి, మరో ఆరు నెలలు అక్కడే ఉండిపోయింది. ఎండలు ముదిరాక తిరిగి వచ్చి చూస్తే, ఆమె తండ్రి మనవడికోసం చేసిచ్చిన టేకు ఊయల లేదు. దాన్ని విప్పి మొగుడు ఈ పెట్టె చేశాడు! బంగళాలో చూసినట్టే సీసాని అందులో పడుకోబెట్టాడు. చెక్కలో ఉంటేనే వయసు పెరుగుతుందిగా మరి! ఆమె అరవలేదు, తిట్టలేదు. రాయి అయిపోయింది. ఆనాటినుంచి వారానికోసారి ఆ పెట్టె మీద దుమ్ము తుడిచేది గానీ, మూత మాత్రం ఒక్కనాడూ ఎత్తలేదు.

అంతకన్నా కోత ఇంకొకటుంది. ఏటా వానాకాలంలో, సరిగ్గా బిడ్డ పోయిన రోజునే, మొగుడు ఆ పెట్టె దించేవాడు. లోపలి గదిలో ఉలి చప్పుడు... టక్, టక్. "పెద్దోడికి ఇంకో ఏడు నిండింది," అనేవాడు. ఆ రోజున కూడా సీసా వయసేనా లెక్క? ఇదేం గుండె? అని ఆమె పళ్ళబిగువున కన్నీళ్ళు మింగేది. మూడు వందల అరవై అయిదు రోజుల్లో ఈ మనిషికి ఆ ఒక్క రోజే దొరికిందా...!

కూతురు పెద్ద హోటల్లో దుప్పట్లు లెక్కచూసే పనిలో ఉంది. "మా బారులో తెల్లమీసాల బాబాయ్ అని ఉన్నాడు. సీసా మొహం చూసి జాతకం చెప్పేస్తాడు," అని మర్నాడు మధ్యాహ్నం ఇద్దరినీ అక్కడికే తీసుకెళ్ళింది.

కుర్చీలన్నీ బల్లలమీద తలకిందులుగా ఉన్నాయి. నేల తడిగుడ్డతో తుడిచిన వాసన. తెల్లమీసాలాయన గ్లాసులు వెలుతురుకి పెట్టి చూస్తూ ఒక్కొక్కటే తుడుస్తున్నాడు. వడ్రంగి చొక్కా పై బొత్తాం కూడా పెట్టుకుని, పెట్టెను బల్లమీద దించాడు. తాళం తీశాడు.

"చెప్పండి పెద్దాయనా, దీని వయసెంత?" అని నవ్వాడు తెల్లమీసాలాయన.

"కొన్నప్పుడు ఇరవై. నా దగ్గర ఇరవై ఆరు. నలభై ఆరు."

తెల్లమీసాలాయన నవ్వు సగంలో ఆగిపోయింది. సీసాని ఎత్తి చూశాడు. మందు సగానికి పైగా తరిగిపోయింది. మిగిలినదాంట్లో ఏవో నల్లటి పొట్టు తేలుతోంది. చీటీ తడికి నాని ముడుచుకుపోయింది.

"పడుకోబెట్టి ఉంచారా?"

"బంగళాలో అలాగే ఉంచేవాళ్ళు. ఆ అరలు చేసింది నేనే."

"అవి ద్రాక్షసారా సీసాలై ఉంటాయి పెద్దాయనా... వాటిని పడుకోబెడతారు. దీన్ని నిలబెట్టాలి. పడుకోబెడితే ఈ ఘాటుకి బిరడా కరిగిపోతుంది. కారిపోయింది, ఎగిరిపోయింది. ఇంకొక మాట... ఎలా చెప్పాలో తెలియడం లేదు." ఆయన సీసాని మెల్లగా నిలబెట్టాడు. "పీపాలో ఉన్నంత కాలమే దీనికి వయసు. సీసాలో పోసిన రోజే ఆగిపోతుంది. మీ ఇంట్లో వందేళ్ళున్నా ఇది ఇరవయ్యే. చుట్టూ ఎంత మంచి చెక్క ఉంటే మాత్రం ఏం లాభం? మధ్యలో గాజుంది కదా!"

ఎక్కడో కుళాయి చుక్క చుక్కగా కారుతోంది. వడ్రంగి పెట్టె అంచుని బొటనవేలితో రాస్తూ నిలబడ్డాడు.

"బాబూ," అంది కాజాలమ్మ. గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "బాగున్న సీసానే అనుకో. దానికి ఆ వెల తగునా? ఉన్నమాట చెప్పు."

తెల్లమీసాలాయన తుడిచే గుడ్డ భుజాన వేసుకున్నాడు. "ముప్పై ఏళ్ళుగా పోస్తున్నానమ్మా. మంచిది మంచిదే, కాదనను. కానీ వెల చెప్పకుండా పోస్తే, బాగుంది అని పక్కవాడితో కబుర్లలో పడతారు. వెల చెప్పి పోస్తే కళ్ళు మూసుకుని తాగుతారు. నాలిక కాదమ్మా, జేబు తాగుతుంది సగం!"

"నాకు కొంచెం పోసివ్వు."

"అమ్మా!" అని కూతురు అదిరిపడింది.

"పొయ్యనీ. నా గొలుసు ఎలా ఉంటుందో చూస్తాను!"

జల్లెడలో వడకట్టి ఒక గుక్కెడు పోశాడు. ఆమె నాలికమీద పెట్టుకుంది. పొగ, ఆసుపత్రి మందుల వాసన, తడిసిన చెక్క... ఆ తరువాత ఒట్టి చేదు. అంతే! ఆమెకు నవ్వొచ్చింది. ఏడుపు కంటే ఘోరమైన నవ్వు! "దీనికా...? దీనికోసమా అయ్యా, నా తల్లి ఇచ్చిన గొలుసు...? దీనికోసమా నా..." మాట పూర్తికాలేదు. తూలిపడబోయి బల్లమీదున్న పెట్టెను పట్టుకుంది. వేళ్ళు తెరిచిన మూత లోపలికి జారాయి.

కాజాలు కుట్టిన వేళ్ళవి. కళ్ళు మోసం చేసినా అవి చెయ్యవు. నున్నటి టేకుమీద సన్నగా, వరసగా గాట్లు తగిలాయి. ఒకటి... రెండు... ఏడు... పదకొండు. ఒక్కో గాటూ ఒకే లోతు. కన్నబిడ్డ ఒళ్ళు తడిమినట్టు తడుముతూ పోయింది. ఇరవై ఆరు!

చప్పున ఆమె చెయ్యి ఆగిపోయింది. పెట్టె చేసింది ఎండాకాలంలో... సీసా కొన్నది బిడ్డ పోవడానికి పది రోజుల ముందు. మరి గాటు మాత్రం ఎప్పుడూ ఆ రోజునే ఎందుకు?

"ఏమయ్యా," అంది నెమ్మదిగా. "ఇవి సీసా వయసేనా?"

వడ్రంగి సీసా మీద ముడుచుకున్న చీటీని వేలితో సరిచేయబోయాడు.

"నిన్నే అడిగేది! ఎవరి వయసు ఇది?"

మేకులు ఒక్కొక్కటే పెకలించినట్టు, ఆ నోటినుంచి మాటలు ఊడాయి. "ఆ బంగళా ఆయన... కొడుకు పుట్టినప్పుడు కొన్నాడట ఒకటి. పెద్దయ్యాక తండ్రీ కొడుకూ కలిసి తాగాలని. నేనూ... మన పిల్లాడికి... నాకు ఇంకేం ఇచ్చే తాహతు ఉందే? చెక్క తప్ప ఏం తెలుసు? వాడు పోయాక పగలగొడదామనుకున్నాను. చెయ్యి రాలేదు. వాడి ఊయలలోనే పడుకోబెట్టాను. నావల్ల పోయినవాణ్ణి... ఇలాగైనా పెంచుకుందామని..."

కూతురు నోటిమీద చెయ్యి పెట్టుకుంది. "నాకు... నిజంగానే అన్నయ్య ఉన్నాడా?" అని గోడకి జారబడిపోయింది. ఇన్నేళ్ళుగా చేసిన వేళాకోళాలన్నీ ఆ పిల్ల మొహంమీద ఒక్కసారిగా వచ్చి పడ్డాయి.

కాజాలమ్మ కళ్ళనుంచి ధారలు కట్టాయి. కానీ గుండె కరగలేదు... ఇంకా మండింది! "ఇరవై ఆరేళ్ళు! నువ్వు లోపల వాడికోసం గాటు పెడుతుంటే, నేను గోడ ఇవతల నిన్ను రాక్షసుడని తిట్టుకుంటూ కూర్చున్నానయ్యా! కన్నది నేను కాదా? ఒక్క గాటు... ఒక్క గాటైనా నన్ను పిలిచి పెట్టకూడదా? ఆ సీసా ఒక్కటేనా పాడైంది? నా కాపురమంతా కారిపోయింది కదయ్యా!"

వడ్రంగి నేలమీద కూలబడ్డాడు. తలుపు చెక్కలాంటి ఆ మనిషి వెక్కి వెక్కి ఏడ్వడం కూతురు పుట్టాక ఇదే మొదలు.

తెల్లమీసాలాయన పెట్టె మూలలు తడిమి చూశాడు. "అమ్మా, సీసాకైతే నేనేం ఇవ్వలేను. కానీ ఈ పెట్టె... ఒక్క మేకు లేకుండా బిగించిన పని. మా యజమాని ఖరీదైన సీసాలకి ఇలాంటి పెట్టెలకోసమే వెతుకుతున్నాడు. మీ ఆపరేషనుకి సరిపడా ఇప్పించగలను."

"పెట్టె అమ్మను!" వడ్రంగి కింద కూర్చునే దాన్ని రెండు చేతులా లాక్కుని ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఇలాంటివి ఎన్నంటే అన్ని చేసిస్తాను. ఇది మాత్రం..."

"అవి చేసి డబ్బు చేతికొచ్చేసరికి మూడు నెలలు పట్టదూ? డాక్టరిచ్చింది ఒక్క నెల!" కాజాలమ్మ అతని ఎదురుగా కూర్చుంది. గొంతు తగ్గించింది. ఆ తగ్గిన గొంతే కత్తిలా ఉంది. "అప్పుడు నా పురిటి గొలుసు ఇచ్చి సీసా తెచ్చావు. ఇప్పుడు నా కళ్ళిచ్చి పెట్టె ఉంచుకుంటావా? చచ్చినవాడికి టేకు పెట్టె, బతికున్నదానికి చీకటా...? చెప్పయ్యా!"

అతను ఆమె మొహంలోకి చూశాడు. ఎన్నేళ్ళ తరువాతో! ఆ తెల్లబడ్డ కనుపాపలకి ఎదుటనున్న అతని మొహం కూడా సరిగ్గా కనబడ్డం లేదు. పెట్టెను మెల్లగా ఎత్తి బల్లమీద పెట్టాడు. ఎక్కడికెళ్ళినా వదలని పనిముట్ల సంచిలోంచి చిత్రిక తీశాడు.

"ఈ గాట్లు చిత్రిక పట్టి ఇస్తాను."

"అయ్యో, వద్దు పెద్దాయనా!" అన్నాడు తెల్లమీసాలాయన. "గాట్లుంటేనే పాతదని నమ్ముతారు. ధర ఇంకా పలుకుతుంది."

కాజాలమ్మ ఇంకోసారి నవ్వింది, చేదుగా. తన కొడుకు లేని ఏళ్ళకి ఎవరో కళ్ళు మూసుకుని వెల కడతారన్నమాట!

పెట్టె అక్కడే అమ్మేసి ఇంటికొచ్చాక మిగిలిన మందు ఆమే తూములో పారబోసింది. అతను పక్కన నిలబడి నీళ్ళు పోశాడు.

ఆపరేషను అయింది. చూపొచ్చింది. మళ్ళీ కాజాల మూటలు వచ్చాయి. దర్జీ కొట్టు ఆయన, "పెళ్ళి కుదిరిందమ్మా బొత్తానికీ కాజాకీ!" అన్నాడు. ఇంట్లో మాటలు మాత్రం పెరగలేదు. కట్టు విప్పాక నెలరోజులూ అతనే అన్నం వండాడు. ఆమె తిన్నది. అంతవరకే.

వానలు మొదలయ్యాయి. ఆ రోజు రానే వచ్చింది. పొద్దున్నే అతను ఉలి పట్టుకుని గదిలో నిలబడ్డాడు. అలమారు పైన ఖాళీ. ఎక్కడికి వెళ్ళాలో తెలియనివాడిలా అలా నిలబడే ఉన్నాడు. కిటికీ దగ్గర కాజా కుడుతున్న ఆమె సూది ఆపింది. అతన్ని చూసింది. లేచి, ముప్పై ఏళ్ళుగా తను కూర్చుని కుట్టిన చెక్కపీటను తిరగేసి అతని ముందు పెట్టింది.

"ఇక్కడ పెట్టు. నా కళ్ళముందు పెట్టు."

అతను మోకాళ్ళమీద కూర్చున్నాడు. ఉలి ఆనించాడు. అది పక్కకి జారింది. ఆమె వంగి, తన వేళ్ళతో ఆ మణికట్టు పట్టుకుంది.

"నన్ను... క్షమించావా?" అన్నాడు.

"లేదు," అంది ఆమె. చెయ్యి మాత్రం వదల్లేదు. "కొట్టు. ఇరవై ఏడు."