పదో హాజరు

సుంగై సుమున్ ఊరి దగ్గర పామాయిల్ తోటల ఎస్టేట్ బడిలో ఆ సాయంత్రం మోహనప్రియ టీచర్ ఒక్కతే కూర్చుంది. బయట వాన వెలిసింది. పామాయిల్ మిల్లు నుంచి కమురు వాసన వస్తోంది. పిల్లలంతా ఇళ్లలో ఫోన్ల ముందున్నారు. ఇంటర్నెట్ వీడియోలతో వాళ్లకు అంతరిక్ష కేంద్రం గురించి చెప్పాలట, అందరూ కనబడేలా తెర ఫొటో పంపాలట. బడి మరుగుదొడ్డికి తలుపు పెట్టించలేని విద్యాశాఖ దొరలు పిల్లలకు అంతరిక్షం చూపిస్తారు!

అందరూ అంటే పదిమంది. ఒక్కరు తగ్గినా బడి మూసేస్తారు. బతికున్నది తొమ్మిదిమందే. పదోవాడు కిషేన్ పోయిన నెల ఎస్టేట్ కాలువలో పడి చచ్చిపోయాడు. వాడి నాయనమ్మ కూర్మమ్మ బడికొచ్చి బతిమాలింది.

"పేరు కొట్టీండి సారూ. రోజూ పిలుస్తుంటే ఆడెలాగెల్తాడు?"

హెడ్‌మాస్టర్ తినగరన్ ఆమెకు టీ ఇప్పించి పంపేశాడు. రిజిస్టరులో పేరు మాత్రం కొట్టెయ్యలేదు. ఫొటోలో కిషేన్ గడి నల్లగా ఉంటే నెట్ బాగాలేదని చెప్పొచ్చులే, అన్నాడు.

ఎంత నీచం! చదువు హక్కు, భిక్ష కాదని సభల్లో గొంతు చించుకునే మోహనప్రియ ఆయన్ని మనసులో తిట్టని తిట్టు లేదు. తిడుతూనే బడి టాబ్లెట్‌ను కిషేన్ పేరుతో క్లాసులో చేర్చింది. కెమెరాకు నల్ల టేపు అంటించి వెనక బెంచీ మీద పెట్టింది. బడి బతకాలి కదా.

హాజరు పిలిచింది. తొమ్మిది పేర్లయ్యాక ఒక్క క్షణం ఆగింది. మూఢనమ్మకాలకు బడిలో చోటు లేదనుకుని పదోది కూడా పిలిచింది.

"కిషేన్."

టిక్కు పెట్టింది.

వీడియోలో వ్యోమగామి జుట్టు పైకి తేలుతోంది, నీటి బొట్టు గాలిలో ఈదుతోంది. అక్కడ కింద ఏది, పైన ఏది అని అడిగింది.

తెర మీద ఒక చెయ్యి గుర్తు లేచింది. కిషేన్ గడిలో.

నెట్ తేడా... అంతే.

వెనక బెంచీ కిర్రుమంది. టాబ్లెట్ మీద టేపు అలాగే ఉంది. కానీ గడి నల్లగా లేదు. అందులో వాడున్నాడు. తడి జుట్టు కొసల నుంచి నీళ్లు కారుతున్నాయి... పైకి.

"టీచర్... నాకు కింద ఏటో తెలీడం లేదు."

తొమ్మిదిమందిలో ఒక్కరూ అరవలేదు. వాళ్లలో కళైవాణి ఫోన్‌కు నోరు దగ్గరగా పెట్టి గుసగుసగా చెప్పింది.

"మీరు పిలిస్తే రోజూ వస్తాడు టీచర్. మీరే చూడరు."

"పేరు కొట్టీండి టీచర్..." గడిలోంచి కిషేన్ బతిమాలాడు. "ఎల్లిపోతాను."

రిజిస్టరు ముందే ఉంది. పెన్ను చేతిలోనే ఉంది. ఒక్క గీత. గీస్తే తొమ్మిది. తొమ్మిదైతే బడి లేదు.

మోహనప్రియ ఫొటో తీసింది. తినగరన్‌కు పంపేసింది.

"రేపు కొడతాను నాన్నా..."

గడి నల్లబడింది.

కాసేపటికి తినగరన్ ఫోన్ చేశాడు. పదికి పది, భేష్ అన్నాడు. ముఖాలు చూడలేదు, లెక్క చూసుకున్నాడు.

ఆమె మెడ మీద చల్లగా ఒక చుక్క పడింది. తలెత్తింది. వెనక బెంచీ దగ్గర్నుంచి సీలింగ్ మీద చిన్న తడి పాదాల గుర్తులు... సరిగ్గా ఆమె కుర్చీ పైదాకా వచ్చి ఆగాయి.

వాటి పక్కనే ఇంకో జత. పెద్దవాళ్ల పాదాలు, అచ్చం ఆమెవే.